గీత మందంలో మా వీధి

మా ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్ళు గీతలు గీసి బతికాడు. మునిసిపాలిటీ ఆఫీసు కొండ మీద ఉంటుంది. అందులో రెండో అంతస్తులో పటాల గది, ఏటవాలు బల్లలు, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. రోడ్లు, కాలువలు, మురుగు పైపులు, ఎవరి స్థలం ఎంతవరకు అన్నవన్నీ కాగితం మీద పెట్టడం ఆయన ఉద్యోగం. మాట తక్కువ మనిషి. ఎవరికైనా ఎదురుగా నిలబడి "కాదు" అనాల్సి వస్తే నీళ్ళు నమిలేవాడు. ఇంట్లో ఆ లోటు నేను తీర్చేదాన్ని. నేను బట్టలు కుడతాను. నా నోటికీ నా కత్తెరకీ పదును ఒకటేనని వీధిలో అంటారు. అననీ, ఆ వీధి గురించే చెప్పబోతున్నాను.

మా వీధి కాలువను ఆనుకుని ఉంటుంది. రెండు వరుసల ఇళ్ళు, మధ్యలో ఒక బండి వస్తే ఇంకో బండి ఆగాల్సినంత దారి. సముద్రం మాకు కనబడదు. మా ముందు రెండు వీధులు, ఆ తరవాత చేపల రేవు, అప్పుడు ఇసుక. అందుకే మాది లోపలి వీధి అని మావాళ్ళకు కాస్త గొప్ప. "రేవు వీధిలో చేపల కంపు, మన వీధిలో ఇస్త్రీ వాసన" అనేది మా వదిన.

వదిన అంటే మా ఆయన అక్క. వీధి మొగలో ఇస్త్రీ దుకాణం ఆవిడదే. మొగుడు పోయాక ఆ బొగ్గుల పెట్టెతోనే కూతుర్ని పెంచింది, తమ్ముణ్ణి డ్రాయింగు బడికి పంపింది. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు వెళ్ళేది ఆవిడ. ఒక మాట పట్టుకుంటే వదలనిదీ ఆవిడే. నాకు ఆవిడంటే భయమూ ఉండేది, ప్రేమా ఉండేది. ఎప్పుడు ఏది ఉండేదో చెప్పలేను.

దూరాన ఎక్కడో సునామీ వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాక మా ఊరికీ పైనుంచి ఉత్తరువు వచ్చింది. తీరంలో ప్రతి ఊరికీ ప్రమాద పటం ఉండాలట. నీళ్ళు ఎంతవరకు రావచ్చో ఇంజనీరు లెక్క కడతాడు, మా ఆయన ఎర్రగీత గీస్తాడు. గీత లోపలి వాళ్ళకు సైరన్ స్తంభం, ఏడాదికి రెండుసార్లు కొండెక్కే కసరత్తు. బయటి వాళ్ళకు ఏమీ అక్కర్లేదు.

ఆ రోజుల్లో మా ఆయనకు వేరే ధ్యాస లేదు. ఒక సాయంత్రం నేను బట్టలు జాడిస్తుంటే వచ్చి, నీళ్ళున్న ప్లాస్టిక్ తొట్టిని రెండు ఇటుకల మీద పెట్టి, దాని మెత్తటి అడుగును కిందనుంచి అరచేత్తో ఒక్క పోటు పొడిచాడు. నీళ్ళన్నీ లేచి నా మీద పడ్డాయి.

"మీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాను.

"చూశావా, పైనీళ్ళు కాదు లేచింది. అడుగునుంచి మొత్తం లేచాయి. గాలికి పుట్టే అల పైపైన పోతుంది. ఇది సముద్రం అడుగున నేల విరిగి పైకి తన్నితే పుడుతుంది. నడి సముద్రంలో మూరెడు ఎత్తు కూడా ఉండదు, పడవలో ఉన్నవాడికి కిందనుంచి పోయిందనే తెలియదు. కానీ విమానమంత వేగం. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి ముందు నీళ్ళు నెమ్మదిస్తాయి, వెనకవి ఆగవు, వచ్చి వాటి మీదికెక్కుతాయి."

"ఒక్క అలేగా. వచ్చి పోతుంది."

"ఒకటి కాదే. ఐదారు రావచ్చు. పావుగంటకొకటి, గంటకొకటి. మొదటిదే పెద్దదని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఒక్కోసారి ముందు సముద్రం వెనక్కి పోతుంది, ఒక్కోసారి అదీ ఉండదు."

నేను తడిసిన బట్టలు పిండుకుంటూ ఊఁ కొట్టాను. ఇన్ని మాటలు ఆయన ఒకేసారి మాట్లాడ్డం పెళ్ళయ్యాక అదే మొదలు. విన్నాను గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేను.

ఇక గీత సంగతి. ఆఫీసు పటంలో ఒక సెంటీమీటరంటే నేల మీద రెండువందల మీటర్లు. ప్రమాద గీతలకు వాడే ఎర్ర పెన్ను మందం ఒక మిల్లీమీటరు. అంటే నేల మీద ఇరవై మీటర్లు. మా వీధి, ఇటు ఇళ్ళ వెనక గోడ నుంచి అటు ఇళ్ళ వెనక గోడ దాకా, ఇరవై మీటర్లు. ఇంజనీరు లెక్క ప్రకారం చుక్కలు పెట్టి కలుపుకుంటూ వస్తే గీత సరిగ్గా మా వీధి నెత్తి మీదుగా పోయింది. మేం గీతకు ఇటూ కాదు అటూ కాదు, సిరా కింద ఉన్నాం. ఆఫీసు పద్ధతి ప్రకారం సిరా తగిలిన ఇల్లు లోపలి ఇల్లే.

ఆయనకు ఇంకో అనుమానం కూడా ఉండేది. కాలువ దారి పట్టి నీళ్ళు ఊళ్ళోకి ఇంకా లోపలికి ఎక్కుతాయని, అక్కడ గీతను ఉబ్బెత్తుగా తీసుకుపోవాలని ఇంజనీరుకు చెప్పాడు. "గీత వంకరటింకరగా ఉంటే జనానికి అర్థం కాదయ్యా, నీటుగా ఉండాలి" అన్నాడట ఆ మహానుభావుడు. మా ఆయన సరేనండి అన్నాడు. ఎప్పుడూ అనేదే అది.

మా వీధి సిరా కింద పడిందన్న మాట ఇంట్లో నాతో అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. ఆ మర్నాడు జాకెట్టు కొలతలకు వచ్చిన ఇద్దరితో నేనే అన్నాను. పొద్దువాలేసరికి వీధి వీధంతా మా అరుగు మీద ఉంది, అందరికన్నా ముందు వదిన.

గీత లోపల పడితే కొత్త కట్టడానికి అనుమతి ఇవ్వరు. వదిన అప్పటికే మేడ మీద ఒక గదికి అర్జీ పెట్టుకుని ఉంది. కూతురికి కొత్తగా పెళ్ళయింది, ఊరి అవతల అద్దె గదిలో ఉంటోంది. కూతుర్నీ అల్లుణ్ణీ తెచ్చి మేడ మీద పెట్టుకోవాలని ఆవిడ కోరిక. అది తప్పా? తప్పని నేనివాళ కూడా అనలేను.

"ఒరే తమ్ముడూ, ఆ పెన్ను మందం ఎంతరా?" అంది.

"మిల్లీమీటరు."

"అంతకన్నా సన్న పెన్ను మీ ఆఫీసులో లేదా?"

"ఉంది. మిల్లీమీటరులో అయిదో వంతు."

"మరి దానికేం రోగం?"

అరుగు మీద వాళ్ళంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "అక్కా, నీళ్ళు పెన్ను చూసి ఆగవు" అన్నాడు.

"లావు పెన్నయితే ఆగుతాయిట్రా?"

ఈసారి నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే అయిపోయింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది, రాయడానికి బాగుండదు గానీ అందరికీ తెలిసిందే.

రెండు రోజుల తరవాత సన్న పెన్నుతో మళ్ళీ గీశాడు. లావు గీతకు సముద్రం వైపు అంచు ఎక్కడుందో అక్కడ. "తప్పు గీయలేదు. పాత గీత లోపలే గీశాను. లెక్క దాటలేదు" అని ఇంటికొచ్చి నాకు చెప్పాడు, నేనేదో అడిగినట్టు.

"నేనూ చొక్కాకి అర అంగుళం అటూ ఇటూ జరుపుతాను. ఏం, కొంప మునిగిందా?" అన్నాను.

ఇంజనీరు చూసి "సన్నగా భలే ఉందయ్యా" అని సంతకం పెట్టాడు. మా వీధి బయటపడింది. వీధి మొగలో, వదిన దుకాణం పక్కనే, పచ్చరంగు బోర్డు పాతారు. ప్రమాద ప్రాంతం ఇక్కడితో ముగిసింది అని దాని మీద పెద్ద అక్షరాలు. సైరన్ స్తంభం రేవు వీధికి పోయింది. ఏడాదికి రెండుసార్లు రేవు వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మా వీధిలోంచే కొండెక్కుతుంటే మేం గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళం. వదినకు అనుమతి వచ్చింది. మెట్లు పడ్డాయి, మేడ మీద గోడలు నడుమెత్తుకు లేచాయి.

రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దున, తొమ్మిదిన్నర అయి ఉంటుంది, మిషను మీద ఉన్నాను. కాలి కింద నేల ఊగింది. దభేలుమని కాదు, నింపాదిగా, ఉయ్యాల ఊపినట్టు. ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. దారపు ఉండలు బల్ల మీంచి దొర్లి ఒకటొకటే కింద పడుతున్నాయి, నేను వాటిని ఏరుతున్నాను. నిమిషం దాటింది. నేల నిమిషం పాటు ఊగితే ఇంకేం ఆలోచించకు, కాలికి పనిచెప్పు అని మా ఆయన నాకు వందసార్లు చెప్పాడు. నేను దారాలు ఏరుకున్నాను.

పది నిమిషాలకు రేవు వైపు సైరన్ మోగింది. మా వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. రేవు వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు, చంకల్లో పిల్లలు, ఒకామె చేతిలో కూర కలుపుతున్న గరిటె అలాగే ఉంది. మా వదిన బోర్డు పక్కన నిలబడి చేతులూపింది.

"ఇంకెందుకమ్మా పరుగు? గీత దాటేశారు. బోర్డు చూడండి! ఆయాసపడకండి, కూర్చోండి."

కొందరు వినకుండా కొండకేసి పోయారు. కొందరు ఆగారు. ముసలివాళ్ళు, కడుపుతో ఉన్న ఒక పిల్ల, కుంటికాలు మనిషి. వదిన ఒక వలలు అల్లే ముసలమ్మను చెయ్యిపట్టి తెచ్చి తన దుకాణం అరుగు మీద కూర్చోబెట్టింది. "కుర్చీలు వెయ్యవే, చూస్తావేం?" అని నన్ను కేకేసింది. వేశాను. మా ఇంట్లోవి నాలుగు, పక్కింటివి మూడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాను. అదంతా నా చేతులతో చేశాను.

అప్పుడు ఎవరో కాలువలో నీళ్ళు లేవని అరిచారు. వెళ్ళి చూస్తే నిజమే, అడుగు బురద కనబడుతోంది, చేపలు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి నీళ్ళు తిరిగొచ్చాయి, గట్టు అంచుదాకా లేచి, మా కళ్ళ ముందే మెల్లగా దిగిపోయాయి. వీధిలోకి చుక్క రాలేదు.

"చూశారా! గీత దగ్గరికొచ్చి ఆగింది. మా తమ్ముడు గీసిన గీత!" అంది వదిన. ఆవిడ ముఖంలో ఎంత సంతోషమో. కొండెక్కిన వాళ్ళలో నలుగురైదుగురు ఆ మాట విని కిందికి దిగొచ్చారు. ఒకాయన, ఇల్లు తాళం వెయ్యలేదని, రేవుకే వెళ్ళిపోయాడు.

అరగంటకు రెండోది వచ్చింది. సినిమాల్లో చూపించేలా గోడలా లేచి రాలేదు. ముందు లారీలు వస్తున్న చప్పుడు. తరవాత కాలువ పొంగింది, పొంగుతూనే ఉంది. నల్లటి నీళ్ళు, అందులో తలుపులు, పడవ ముక్కలు, సిలిండర్లు. మేమంతా సముద్రం వైపు చూస్తున్నాం, అది వెనకనుంచి వచ్చింది. నేను వదిన మెట్ల మీద మూడో మెట్టు దగ్గరున్నాను. వదిన నా వీపు మీద చెయ్యి పెట్టి పైకి తోసింది. "పో, పో, నేనొస్తున్నా" అని వెనక్కి తిరిగింది. తను కూర్చోబెట్టిన ముసలమ్మ ఇంకా అరుగు మీదే ఉంది. వదిన ఆమె రెండు చేతులూ పట్టుకోవడం చూశాను. ఆ తరవాత అరుగే లేదు.

సాయంత్రం దాకా ఆ నడుమెత్తు గోడల మధ్య ఇంకో పదిమందితో కూర్చున్నాను. మూడోది వచ్చింది, నాలుగోదీ వచ్చింది. మా ఆయన కొండమీది కిటికీలోంచి అంతా చూశాడట. కిందికి పరుగెత్తుకొచ్చి బడి మలుపు దగ్గర నీళ్ళకు ఎదురుపడి, అక్కడే నిలబడి మా వీధి వైపు అరుస్తూనే ఉన్నాడట. ఎవరికి వినబడుతుంది.

మా వీధిలో ఇరవై ఆరుమంది పోయారు. అందులో పదకొండుమంది మా వీధి వాళ్ళు కారు. వాళ్ళను మేం ఆపాం.

విచారణ సంఘం వచ్చింది. ప్రకృతి శక్తులు అంచనాకు అందలేదని రాసి వెళ్ళింది. ఇంజనీరుకు పెద్ద ఊరికి బదిలీ, హోదా పెరిగింది. గీత ఎందుకు అక్కడ పడిందని మా ఆయన్ను ఒక్కరూ అడగలేదు. అడుగుతారని నెల రోజులు రోజూ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు పిచ్చిమనిషి. వదిన శవం నాలుగో రోజు దొరికింది. ముసలమ్మను కాపాడబోయి ప్రాణమిచ్చిన తల్లి అని ఊరంతా చేతులెత్తి మొక్కింది. బడి హాల్లో ఫోటో పెట్టి కింద పేరు రాశారు.

"నేను జరిపింది ఇరవై మీటర్లు. నీళ్ళు అర కిలోమీటరు లోపలికి వచ్చాయి. గీత ఎక్కడున్నా నీళ్ళకు ఒకటే" అన్నాడు ఒకరోజు.

"మరింకేం. మీ తప్పు లేదు" అన్నాను.

"నీళ్ళకు ఒకటేనే. మనవాళ్ళ కాళ్ళకు కాదు. మనం లోపలుంటే లేచేవాళ్ళం, వాళ్ళను ఆపేవాళ్ళం కాదు."

ఆయన చెప్పేద్దామనుకున్నది ముఖ్యంగా ఒకరికి, వదిన కూతురికి. ఆ పిల్ల తన తల్లి ఇంట్లోకే కాపురం వచ్చింది. పైఆఫీసు వాళ్ళు ఒత్తిడి చేస్తే మామయ్య తప్పు గీత గీశాడని దాని నమ్మకం. అలాగని ఎవరు చెప్పారో, నేను కాదనలేదంతే. "దానికి చెప్పకండి. మీ అమ్మ నీ గది కోసం అడిగింది, అందుకే ఇంతమంది పోయారు అని చెబుతారా? అది బతకాలా వద్దా?" అని ఆయన నోరు మూయించాను. ఒకసారి కాదు, ఎనిమిదేళ్ళు.

ఆ ఎనిమిదేళ్ళూ ఆయన ఊరికి పెద్ద తలనొప్పి అయ్యాడు. మంగలి షాపులో, పాల కేంద్రం దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకు. "నేల ఎక్కువసేపు ఊగితే సైరన్ కోసం ఆగొద్దు. సముద్రం వెనక్కి పోతే చూడ్డానికి పోవద్దు. బండి తియ్యొద్దు, దారి బిగుసుకుపోతుంది, నడవండి. పైకెక్కాక ఆఫీసు నుంచి మాటొచ్చేదాకా దిగొద్దు, పూట పట్టినా సరే." వినేవాళ్ళు తలూపి, ఆయన వెళ్ళాక ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. అక్క పోయాక మనిషి అదోలా అయిపోయాడని అనుకునేవాళ్ళు.

ఆయన రిటైరయ్యే ఏడు కొత్త పటం మొదలైంది. ఈసారి కంప్యూటరు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, చిన్న వయసు, కాలువను కూడా లెక్కలోకి తీసుకుంది. గీత మా వీధి దాటి అర కిలోమీటరు పోయింది. అయినవాళ్ళను పోగొట్టుకున్న మా వీధి ఏం చేసి ఉంటుంది? అర్జీ రాసింది. మా వీధిని మినహాయించాలి, లేకుంటే ఇళ్ళు బాగుచేసుకోలేం, అమ్ముకోలేం, పైన ఒక రేకు వేసుకోలేం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మావాళ్ళు ఆకులు కూడా పట్టుకోలేదు, మళ్ళీ నిప్పే పట్టుకున్నారు. అర్జీ మా ఇంటికి తెచ్చింది మేనకోడలు.

"మామయ్యా, నువ్వు ఆఫీసులో ఒక మాట చెబితే వింటారు. అమ్మ మొదలుపెట్టిన గది అలాగే ఉండిపోయింది. దాన్ని పూర్తి చెయ్యకపోతే అమ్మకు మనశ్శాంతి ఉంటుందా?"

"వద్దమ్మా" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం చూసి నాకే ఆశ్చర్యం.

"అప్పుడు పైవాళ్ళకు వద్దని చెప్పుంటే మా అమ్మ బతికుండేది. అప్పుడు లేని పౌరుషం నా మీదా?"

ఆయన ముఖం చూశాను. చెప్పేస్తాడనుకున్నాను. నేను చప్పున మధ్యలోకి దూరి, "సభలో పెట్టండి, వాళ్ళే తేలుస్తారు, మామయ్య చేతిలో ఏముంది" అని పిల్లను పంపేశాను. అది వెళ్ళాక ఆయనతో అన్నాను: "గీత ఎక్కడికైనా పోనీ. ఉన్న ఒక్క మేనకోడల్ని పోగొట్టుకోకండి."

సభ బడి హాల్లో పెట్టారు. బల్ల వెనక ఆఫీసరమ్మ, గోడ మీద పటం, ఆ పక్కన వదిన ఫోటో. మేనకోడలు లేచింది. తల్లి గొంతే దానిది.

"మేడమ్, ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మ. ఆఫీసు వాళ్ళు గీత తప్పు గీస్తే పోయింది. ఒక గీతతో తల్లిని తీసుకున్నారు, ఇప్పుడు ఇంకో గీతతో ఇల్లు తీసుకుంటారా? పోగొట్టుకున్నది మేము. మాకు లేని భయం మీకెందుకు?"

హాలంతా చప్పట్లు. ఆఫీసరమ్మ తల దించుకుంది. "మీ వీధి వరకు మళ్ళీ పరిశీలిస్తాం" అని ఏదో రాసుకోబోయింది.

మా ఆయన లేచాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను, ఆగలేదు.

"అమ్మా, ఆ మొదటి గీత నేను గీశాను. సరిగ్గానే గీశాను. మా వీధి లోపలే ఉంది. తరవాత సన్న పెన్నుతో జరిపాను."

"పైనుంచి ఒత్తిడి వచ్చిందా?" అని అడిగిందామె.

"లేదు. మా అక్క అడిగింది."

"ఎందుకడిగారు?"

ఆయన ఆఫీసరమ్మను చూడలేదు, మేనకోడల్ని చూశాడు. "మేడ మీద గది కోసం. కూతుర్ని దగ్గర పెట్టుకుందామని. వీధంతా అడిగింది, నేను మా అక్క కోసం చేశాను. మా అక్క చెడ్డది కాదు. ఆ రోజు నేను కాదనలేకపోయాను. మా వీధి లోపలే ఉండాలమ్మా. ఇంకెవరడిగినా జరపకండి."

"పోయినదాని మీద నేరం మోపుతావా, సిగ్గులేదా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ రోజు మా అరుగు మీద అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ గొంతే. లేచి చెంప పగలగొడదామనిపించింది, లేవలేదు.

మేనకోడలు నడిచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "నా కోసమా?" అంది.

"నీ కోసమేనమ్మా."

"ఎనిమిదేళ్ళు రోజూ నా ముఖం చూశావు. ఈ మాట ఒక్కనాడు ఇంట్లో చెప్పుండకూడదూ? ఇంతమందిలోనా?"

జవాబు నా దగ్గరుంది. చెప్పనివ్వలేదే నేనే అని అప్పుడైనా లేచి అనాలి. అనలేదు. నా నోటికి పదును ఎక్కువని కదూ పేరు!

గీత జరగలేదు. మా వీధి లోపలే ఉంది. వారం తిరక్కుండా బడి హాల్లో ఫోటో లేదు. కూతురే తీసుకెళ్ళిందని తరవాత తెలిసింది. వీధిలో మా అరుగు ఎవరూ ఎక్కరు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేది పై వీధుల వాళ్ళే. మేనకోడలు మాకు మూడిళ్ళ అవతలే ఉంటుంది, మమ్మల్ని చూస్తే తలుపేసుకుంటుంది. దాని కూతురికి ఏడేళ్ళు. మా ఇంటి వైపు చూడొద్దని ఆ పిల్లకు నేర్పింది.

ఇప్పుడు కసరత్తు మా వీధికీ ఉంది. మొన్న పొద్దున సైరన్ మోగింది. పెద్దవాళ్ళు సగంమంది గుమ్మాల్లోనే ఉండిపోయారు గానీ పిల్లలను బడివాళ్ళు వదలరు, వరసగా కొండకు నడిపిస్తారు. మా ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఆ పిల్ల వరసలో మధ్యన ఉంది. ఒక చెప్పు జారిపోయింది. వంగలేదు, వదిలేసి నడిచింది. మా గుమ్మం ముందుకు రాగానే, తల్లి నేర్పినట్టే, ముఖం అటు తిప్పుకుని వెళ్ళిపోయింది.

"రక్తసంబంధం అండీ అది. ఒక్కసారి తాతయ్యా అని పిలిస్తే దాని సొమ్మేం పోయింది?" అన్నాను.

ఆయన ఆ పిల్ల బడి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

"పిలవకపోతే పిలవకపోయిందిలే. ఆగలేదు, చూశావా?" అన్నాడు.